డెక్కు మీద జారిన ఇనుప ముక్క

మా అమ్మ ఆ జెట్టు పక్కన నిలబడి దాని గాలి పీల్చే నోట్లోకి చెయ్యి పెట్టబోయింది. కాపలా ఆయన "ముట్టుకోకమ్మా!" అని కేకేశాడు. అమ్మ చెయ్యి తీయలేదు సరికదా, ఆయన వైపు తిరిగి, "మా గుంటడు దీన్ని తోసినోడే బాబూ. ముట్టుకుంటే అరిగిపోద్దేటి?" అంది. ఆ గుంటడిని నేనే. నాకు యాభై దాటాయి, ఎడమ చెవి పనిచెయ్యదు, మోకాళ్ళు కూడా అంతంతమాత్రమే.

అమ్మకి కంట్లో శుక్లం తీయించి వారమైంది. మళ్ళీ చూపించమంటే హుకుంపేట నుంచి మొదటి బస్సుకి విశాఖపట్నం తీసుకొచ్చాను. డాక్టరు పని తొందరగానే అయిపోయింది. కొత్త కంటితో సముద్రం చూస్తానంది. బీచి రోడ్డుకి తీసుకెళ్తే రెండు నిమిషాలు చూసి, "నీళ్ళే గదా. నువ్వు పనిసేసిన ఇమానమేదో ఇక్కడెట్టారన్నావు, అది సూపించు" అంది. నిజమే, మా రకం జెట్టుని ఒకదాన్ని కడిగి, రంగేసి, మ్యూజియంలో నిలబెట్టారు. నాకు దాన్ని చూడాలనీ లేదు, చూడకూడదనీ లేదు. ఆ సంగతిలో నాకు ఏదైనా అనిపించడం మానేసి చాలా ఏళ్ళయింది. టిక్కెట్లు కొన్నాను.

"ఓడంటే ఎంతుంటదిరా? అంత సిన్న జాగాలోంచి ఇది ఎలాగ ఎగిరీది?"

చెప్పాను. ఓడ ముందు కొస మన ఇంటి చూరులా కాకుండా తిరగేసి, పైకి వంచి ఉంటుంది. జెట్టు కొంచెం దూరం పరుగెత్తి ఆ వంపు మీద నుంచి గాల్లోకి గెంతుతుంది. దిగేటప్పుడు పరుగు అక్కర్లేదు. పొట్టకి అటు రెండు, ఇటు రెండు గొట్టాలుంటాయి, వాటిని కిందికి తిప్పితే వేడిగాలి డెక్కుని తన్నుతుంది, ఆ తన్నుడు మీద నిలబడి హెలికాప్టరులాగే నిట్టనిలువున దిగుతుంది. అమ్మ ఇవన్నీ విని తలాడించింది. తర్వాత మళ్ళీ ఆ నోటి దగ్గరికే వచ్చింది.

"గాలంతా దీన్లోంచేనా?"

"అటొకటి, ఇటొకటి. ఆ రెండూ దాని ముక్కుపుటాలనుకో."

"దీన్లో ఏటైనా పడితే?"

"పడకూడదు."

"పడితే ఏటవుద్దని అడుగుతన్నాను."

ఫోన్లో టార్చి వేసి, నడుం వంచి, ఆ నోట్లోకి చూశాను. లోపల ఇంజను రెక్కలు వరసగా ఉన్నాయి, దుమ్ము పట్టి. ఒక మూల సాలెగూడు. ఇది ఆ రోజు జెట్టే అని ఎవరూ చెప్పలేదు, కాకపోవడానికే ఎక్కువ అవకాశం. అదే అయినా ఇన్నేళ్ళ తర్వాత లోపల ఏముంటుంది, నా మొహం! అయినా ఆ కాపలా ఆయన మళ్ళీ కేకలేసేదాకా చూస్తూనే ఉన్నాను. నడుం పైకెత్తేసరికి అమ్మ నా జబ్బ వైపు చూస్తోంది.

జబ్బకి ఒకప్పుడు ఒక తాడుండేది. దాని సంగతి చెప్పకపోతే ఇదేదీ అర్థం కాదు.

మా అయ్య మలేరియాతో పోయాడు, నేను పదో తరగతిలో ఉండగా. ఆయన గొడ్డలిని ఇంకెవరూ వాడకూడదని అమ్మ అటక మీద పెట్టేసింది. నేవీలో నాకు ఉద్యోగం వచ్చిందని కాగితం అందినప్పుడు ఊళ్ళో ఎవరికీ అదేమిటో తెలీదు. సముద్రం మీద ఉద్యోగమట అనేసరికి అమ్మ బెదిరిపోయింది. మా వైపు ముహూర్తాలు చూసి, జబ్బు చేస్తే తాళ్ళు కట్టే పెద్దమనిషిని దిసారి అంటారు. అమ్మ ఆయన్ని పిలిచింది. ఆయన అటక మీది గొడ్డలి దింపించి, కమ్మరి చేత దాని అంచు నుంచి శనగగింజంత ఇనుము కోయించి, బెజ్జం వేయించి, నల్లతాడుకి గుచ్చి నా కుడి జబ్బకి కట్టాడు. కట్టి ఇలా చెప్పాడు: "నీ మీదకొచ్చే కీడుని ఇది పట్టుకుంటది. పట్టుకున్నాక దానంతటదే తెగి పడతాది. పడితే ఎనక్కి తిరిగి సూడకు. ఎతక్కు. ఎతికి తీస్తే ఆ కీడు మళ్ళీ నీ సేతిలోకే వొచ్చీస్తది."

ఇది మాకు కొత్త మాట కాదు. మా ఊళ్ళో దారిలో తెగిన తాడు కనబడితే నడక నేర్చిన పిల్లలు కూడా పక్కనుంచి తప్పుకుని పోతారు, తల తిప్పరు. నేనూ అలా పెరిగినవాణ్ణే.

ఓడ మీద నేర్పిన మొదటి పాఠం దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ పడినదాన్ని వెతకాలి. దొరికేదాకా వెతకాలి. రోజూ పొద్దున్నే విమానాలు ఎగరకముందు అందరం, పెద్దా చిన్నా తేడా లేకుండా, డెక్కుకి అడ్డంగా వరసకట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నెమ్మదిగా నడిచేవాళ్ళం, కళ్ళు కిందికి పెట్టుకుని. మా ఊళ్ళో చోళ్ళ చేలో ఆడవాళ్ళు వరసగా కలుపు తీసుకుంటూ పోతారు చూడండి, అచ్చం అలాగే. స్క్రూ, వైరు ముక్క, గుండీ, పెన్ను మూత, ఏది కనబడినా జేబులో వేసుకోవాలి. దానికి ఫాడ్ అని పేరు. హెలికాప్టర్లకి కూడా ఇది ప్రమాదమే గానీ జెట్టుకి మరీ. దాని నోరు డెక్కుకి దగ్గరగా ఉంటుంది, ఇంజను మొదలుపెట్టగానే ముందున్నదాన్నల్లా లాగేస్తుంది. ఇనుప ముక్క లోపలికి పోతే రెక్కలు విరగొచ్చు, సముద్రం మీద ఇంజను ఆగిపోవచ్చు. దానికి ఉన్నది ఒకే ఇంజను.

ఉంగరాలు, గొలుసులు, తాయెత్తులు డెక్కు మీద నిషేధం. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను. తాడు మాత్రం విప్పలేదు. పొడుగు చేతుల జాకెట్టు కింద ఎవరికి కనిపిస్తుంది?

ఒకాయనకి కనిపించింది. ఆయనది సాలూరు దగ్గర పాచిపెంట. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. జెట్లు బాగుచేసేవాళ్ళకి పనిముట్లు, స్క్రూలు ఇచ్చి, తిరిగి లెక్కపెట్టి తీసుకోవడం ఆయన పని. అంత పెద్ద ఓడలో మన యాస మాట్లాడే మనిషి దొరికితే ప్రాణం లేచొచ్చినట్టుండేది. నేను స్నానం చేసి వస్తుంటే ఒకరోజు జబ్బ పట్టుకున్నాడు.

"ఏట్రా ఇది?"

"మా అయ్య గొడ్డలిదన్నా."

"తీసీ. ఎవుడైనా సూసేడంటే నిన్ను దింపీగలరు."

"తియ్యలేనన్నా. మా అమ్మకి మాటిచ్చాను."

ఆయన నన్ను నాలుగు తిట్టి, నల్ల టేపు తెచ్చి, తాడూ ఇనుమూ కదలకుండా జబ్బకి గట్టిగా చుట్టాడు. "వారం వారం రా, మార్సుతాను. సెమటకి ఊడిపోద్దిది" అన్నాడు. అలా రెండేళ్ళు మార్చాడు. తప్పని తెలిసీ మార్చాడు, నాకోసం.

ఆ వారం నేను వెళ్ళలేదు. కారణమేమీ లేదు, బద్ధకం. ఎండలు మండిపోతున్నాయి, డ్యూటీ దిగితే పడుకుందామనే ధ్యాస తప్ప ఇంకోటి లేదు. రేపు మార్పించుకుంటానులే అనుకున్నాను.

డెక్కు మీద ఒక్కో పనికి ఒక్కో రంగు జాకెట్టు, నాది నీలం. జెట్టు చక్రాలకి అడ్డంపెట్టే చాక్స్ అనే దిమ్మల్ని సైగ అందగానే లాగి పక్కకి పరుగెత్తడం నా పని. ఆ రోజు ఇంజను మొదలై ఉంది. లోపల పైలట్. ముందువారమే ఆయనకి కూతురు పుట్టింది, డెక్కు మీద పనిచేసే మా అందరికీ స్వయంగా మిఠాయి పంచాడు. నేను వంగి కుడి చక్రం చాక్ లాగాను. లాగుతుంటే జబ్బ మీద టేపు జారింది. మోచేతి దగ్గర చల్లగా ఏదో తగిలింది, మణికట్టు దగ్గర తగిలింది, పోయింది. అంతే. జబ్బ తేలికయిపోయింది.

నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఇది ఎన్నిసార్లు తల్చుకున్నా నాకు అర్థంకాని చోటు. భయపడి ఆలోచించి చూడకపోవడం కాదు. మెడ తిరగలేదు. చిన్నప్పటి నుంచీ దారిలో తాడు చూసి తప్పుకున్న మెడ అది. ఓడ నేర్పిన పాఠం బుర్రలో ఉంది గానీ మెడ దాకా రాలేదు. చాక్ భుజాన వేసుకుని పక్కకి పరుగెత్తి, దాటకూడని గీత అవతల నిలబడ్డాను.

అప్పటికీ టైముంది. డెక్కు మీద ఎవరైనా సరే, ఎంత చిన్నవాడైనా సరే, రెండు చేతులూ తల మీదికెత్తి ఒకదానికొకటి అడ్డంగా ఊపితే అన్నీ ఆగిపోతాయి. ఎందుకు ఆపావని తర్వాత అడుగుతారు గానీ ముందు ఆపుతారు. ఫాడ్ పడిందని ఒప్పుకున్నవాణ్ణి శిక్షించరు కూడా, మెచ్చుకుంటారు. నా సంగతి వేరు. పడింది తాయెత్తు. నన్ను డెక్కు దింపేస్తారు, ఇంటికి పంపేసినా పంపేస్తారు. ఇలా ఆలోచిస్తూ చేతులు పక్కన పెట్టుకుని నిలబడ్డాను. జెట్టు ముందుకి కదిలింది. పరుగెత్తింది. వంపు ఎక్కి గాల్లోకి గెంతింది. ఒక్క క్షణం కిందికి దిగినట్టే కనబడింది, ఎప్పుడూ అలాగే కనబడుతుంది. తర్వాత పైకి పోయింది.

అది తిరిగొచ్చేదాకా గంట లోపే. ఆ గంటలో నేను ఏం చేశానని అడిగితే, పని చేశాను. ఒక హెలికాప్టరుని గొలుసులతో కట్టాను. నీళ్ళు తాగాను. పక్కవాడు ఏదో జోకు వేస్తే నవ్వాను కూడా. ఇంజను ఆగిపోతే ఆ కూతురికి తండ్రి ఉండడని తెలుసు, అది నా వల్లేనని తెలుసు. తెలిసినా చెవులకి పెట్టుకున్న డొప్పల్లోంచి విన్నట్టు, ఎక్కడో దూరంగా.

జెట్టు తిరిగొచ్చింది. ఓడ పక్కన గాల్లో నిలబడి, అడ్డంగా డెక్కు మీదికి జరిగి, దిగింది. డెక్కు అదిరింది. నేను పరుగెత్తి చాక్స్ పెట్టాను. పైలట్ నిచ్చెన దిగి, హెల్మెట్టు తీసి, నా భుజం తట్టి పోయాడు. నాకు సంతోషం వేయలేదు. మధ్యాహ్నం చేపల పులుసు పెట్టారు. తిన్నాను.

మర్నాడు ఇంజనులోకి టార్చి వేసి చూసేవాళ్ళకి ఒక రెక్క అంచు మీద నొక్కు కనబడింది. గోరు గిచ్చినంత. ఇంకా పెద్దదైతే రెక్క విరిగి ఉండేదన్నారు. ఇక మొదలైంది హడావిడి. ఏం పోయింది లోపలికి? ఎవరిది?

అన్నని లెక్క అడిగారు. పెట్టెలన్నీ విప్పి లెక్కపెట్టాడు. ఒక డబ్బాలో ఒక స్క్రూ తక్కువ వచ్చింది. సరిపోయిందని చెప్పేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు: "ఒకటి తగ్గింది సార్. డబ్బా వచ్చినప్పుడే తక్కువుందో, డెక్కు మీద జారిందో నేను చెప్పలేను." 

తర్వాత మా అందర్నీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కర్నే అడిగాడు ఆఫీసరు: నీ దగ్గర నుంచి ఏదైనా పడిందా? అన్న నా పక్కనే ఉన్నాడు. నా వంతు వచ్చింది. "నో సర్" అన్నాను. రెండే మాటలు. ఆఫీసరు ముందుకి జరిగాడు. అన్న నా వైపు చూశాడు. నేను ఎదురుగా ఉన్న రంగు వెలిసిన గోడ చూశాను.

తప్పు స్క్రూ మీదికి పోయింది, స్క్రూ ఆయన మీదికి పోయింది. ఆయన్ని డెక్కు మీద నుంచి తీసి కింద సరుకుల గదికి పంపారు. గోధుమపిండి బస్తాలు, ఉల్లిపాయలు. జెట్ల మీద పై కోర్సు కోసం రెండేళ్ళుగా చదువుకుంటున్నాడు, పేరు కూడా వచ్చింది. ఆ పేరు కొట్టేశారు. నేను రోజూ డెక్కు మీదికి పోయేవాణ్ణి, ఆయన కిందనే ఉండేవాడు. ఎదురుపడితే "తిన్నావేట్రా?" అనేవాడు. తిన్నానన్నా అనేవాణ్ణి. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంకెక్కడైనా తెగిపడి ఉంటే తాడు పోయిందని ఆయనకి నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి, డెక్కు మీద తెగింది కాబట్టి చెప్పలేదు. అది పోయిందని ఆయనకి తెలీదని నాకు నేను చెప్పుకున్నాను. టేపు మార్చడానికి రాలేదేమని ఆయన అడగకపోవడం మాత్రం నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో.

సెలవు మీద ఇంటికెళ్తే అమ్మ మొదట జబ్బ తడిమింది.

"ఏదిరా?"

"తెగి పడిపోయింది. సముద్రంలో."

"ఎతికేవేటి?"

"లేదు."

"మంచి పని సేసినావు నాయనా!" అని నా తల నిమిరింది. నీ మీదకొచ్చింది అది తీసుకుపోయిందని సంతోషపడింది, కోడిని కోసింది. నా మీదకొచ్చింది ఇంకొకాయన మీద పడిందని నేను చెప్పలేదు. గొడ్డలి ఇంకా ఉంది, ఇంకో ముక్క కోయిస్తానంది. వద్దన్నాను.

పదిహేనేళ్ళ సర్వీసు నిండగానే అన్న ఉద్యోగం వదిలేశాడు. పొడిగించుకోమన్నా ఒప్పుకోలేదు. ఓడ దిగే రోజు ఆయన ట్రంకు పెట్టె ఒక చివర నేను పట్టుకున్నాను. వంతెన మెట్లు సగం దిగాక పెట్టె కింద పెట్టి, నా వైపు తిరిగాడు.

"ఏటైనా మర్సిపోయామేట్రా?"

"ఏమీ లేదన్నా."

"సరిగ్గా సూసుకో."

"ఏమీ మర్చిపోలేదన్నా, పద."

ఆయన ఇంకాసేపు నిలబడి, పెట్టె ఎత్తాడు. మెత్తటి మనసున్న మనిషి, ఓడని వదల్లేక పోతున్నాడనుకున్నాను.

తర్వాత నేనూ దిగిపోయాను. ఆ జెట్లకి వయసైపోయిందని పక్కన పెట్టేశారు, ఓడకీ అదే గతి పట్టింది. ఏదో తీరంలో ఇసక మీదికి లాగి ముక్కలు కోస్తున్న వీడియో ఎవరో ఫోన్‌కి పంపారు. ముందు కొస వంపు కోసేటప్పుడు చూశాను. చూసి, కళ్ళంలో ఆరబోసిన కాఫీ గింజలు తిరగెయ్యడానికి వెళ్ళాను. ఇప్పుడు జపాను వాళ్ళు, ఇటలీ వాళ్ళు ఇలాగే కురచగా పరుగెత్తి ఎగిరే కొత్త రకం జెట్లని ఓడల మీద దింపుతున్నారట. హెలికాప్టర్ల కోసం కట్టిన ఓడల డెక్కుకి వేడి తట్టుకునే పూత వేసి మరీ. యూట్యూబులో చూస్తుంటాను. జెట్టు వైపు చూడను. పక్కన నిలబడ్డ రంగురంగుల జాకెట్ల వాళ్ళ చేతులు చూస్తాను.

ఇదీ ఆ తాడు కథ. మ్యూజియం నుంచి బయటికొచ్చి అరకు బస్సెక్కాం. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు మొదలయ్యేదాకా అమ్మ నా ఎడమ పక్కనే కూర్చుంది. తర్వాత నా కుడి పక్కకి మారి కూర్చుంది. ఎడమ చెవి పనిచెయ్యదని ఆమెకి తెలుసు.

"ఆ నోట్లో ఏటి ఎతికావు?"

"ఏమీ లేదమ్మా."

"తాడు ఎతికావు."

నేను టిక్కెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నన్నేటి ఎర్రిదాన్ననుకున్నావా? సముద్రంలో పడిందన్నావు. సముద్రంలో పడితే ఇమానంలో ఎతుకుతారేటి?"

చెప్పేశాను. బస్సు మలుపులు తిరుగుతుంటే, ముందు సీటు కమ్మీ పట్టుకుని, మొత్తం చెప్పాను. టేపు, చాక్, మెడ, నొక్కు, స్క్రూ, ఉల్లిపాయలు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. చెప్తుంటే ఇంకెవరిదో చెప్తున్నట్టు ఉంది. అమ్మ ఆపరేషన్ చేసిన కన్ను మూసుకుని వింది. అనంతగిరి దగ్గర బస్సు ఆగితే టీ తాగడానికి కూడా దిగలేదు.

"ఆ పాసిపెంట బాబు ఉన్నాడా?"

"ఉన్నాడు. మోటార్లు బాగుచేస్తాడట. నంబరు ఉంది, ఎప్పుడూ చెయ్యలేదు."

"నాను ఎతకొద్దన్నాను" అంది. "సెప్పొద్దన్నానేటి?"

ఆ మాటకి నాకు అమ్మ మీద కోపం వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత నాకు ఏదో ఒకటి వచ్చింది, అది కోపం. ఆ తాడు కట్టింది ఎవరు, వెనక్కి చూడొద్దని పెంచింది ఎవరు అని అరవాలనిపించింది. అరవలేదు. ఎందుకంటే అమ్మ అన్నదాంట్లో తప్పులేదు. తాడు గురించి చెప్పకూడదని మా ఊళ్ళో ఏ దిసారీ ఎవరికీ చెప్పలేదు. అది నా సొంతంగా నేను కలుపుకున్నది.

రెండు రోజుల తర్వాత బయల్దేరాను. విజయనగరంలో బస్సు మారి, సాలూరులో మారి, పాచిపెంట చేరేసరికి పదకొండయింది. సంచిలో మా తోట మిరియాలు, కాఫీ పొడి. ఉత్తచేతులతో వెళ్ళడానికి మొహం చెల్లలేదు. మోటార్ల షాపు ఎవర్నడిగినా చెప్పారు.

చిన్న రేకుల షెడ్డు. బయట నీళ్ళ మోటార్లు, పిండిమర మోటారు ఒకటి. లోపల గోడకి ప్లైవుడ్ బోర్డు, దాని మీద ప్రతి రెంచికీ, ప్రతి స్క్రూడ్రైవరుకీ దాని ఆకారం పసుపురంగుతో గీసి ఉంది. ఏది తీసినా ఖాళీ తెలిసిపోతుంది. ఓడ మీద ఆయన గదిలో ఇలాగే ఉండేది. ఆయన జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఓరి నీ! బతికే ఉన్నావేట్రా?" అని లేచి, మొదట నా కుడి పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఓడ మీద జెట్ల హోరుకి ఏ చెవి చచ్చిందో గుర్తుంది ఆయనకి. లోపలికి కేకేశాడు, మా ఏజెన్సీ తమ్ముడొచ్చాడు, ఇంకో గ్లాసు బియ్యం పొయ్యమని.

కూర్చున్నాను. పిల్లల గురించి అడిగాడు, కాఫీ పంట గురించి అడిగాడు. ఇంకొక మాట అడిగితే నేను చెప్పకుండా వెళ్ళిపోతానని నాకు తెలుసు. నా తీరు నాకు తెలీదా?

"అన్నా, ఆ స్క్రూ కాదు" అన్నాను. "జెట్టులోకి పోయింది నీ స్క్రూ కాదేమో. నా తాడు తెగింది ఆ రోజు. చాక్ లాగుతుంటే. చేతులెత్తి ఆపాల్సింది. ఆపలేదు. తర్వాత అడిగినప్పుడూ చెప్పలేదు."

ఆయన చేతిలో ఉన్న రాగి తీగ కొస పక్కన పెట్టాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తాడు పోయిందని తెలుసురా. ఆ సాయంత్రం సొక్కా మార్సుకుంటన్నప్పుడు సూసేను. నీ జబ్బ సుట్టూ టేపు జిగురు నల్లగా అంటుకునుండీది, తాడున్న సోట ఒక్కటే తెల్లగా గీత."

నేను చొక్కా మీద నుంచే జబ్బ తడుముకున్నాను.

"మరి ఆఫీసరు ముందు చెప్పలేదేం అన్నా? ఒక్క మాట చెప్పుంటే నీ కోర్సు ఉండేది గదా!"

"నానెందుకు సెప్తాను? టేపు సుట్టింది నానే గదా, నాకూ తప్పుంది." కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. "నువ్వు సెప్తావని సూసేను."

"ఎన్నాళ్ళు?"

"ఓడ దిగీదాకా. మెట్ల మీద కూడా అడిగేను గదరా, ఏటైనా మర్సిపోయామేటని."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. రోడ్డు మీద ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. లోపలి నుంచి వదిన భోజనానికి పిలిచింది. "పద, తినీసి ఎల్దువు గాని, సాలూరు బస్సు మూడు దాకా నేదు" అని ఆయన నా భుజం పట్టుకుని లేపాడు.

తిన్నాను. వంకాయ కూర, చారు, మజ్జిగ. వదిన రెండోసారి అన్నం వడ్డిస్తే అది కూడా తిన్నాను. ఆయన ఎదురుగా కూర్చుని తిన్నాడు, మధ్యలో నా గ్లాసులో నీళ్ళు పోశాడు. పెరట్లో కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే ఏడుపొచ్చింది. ఆగలేదు. ఆయన నా కుడి పక్కన తువ్వాలు పట్టుకుని, నేను కడుక్కోవడం అయ్యేదాకా నిలబడ్డాడు.